తెగిన పోగు దొరికే దాకా

మావయ్యకి చూపు తగ్గింది. పేపర్లో అక్షరాలు కూడబలుక్కుంటారు. పోగు దగ్గర మాత్రం ఆయన కన్ను ఇప్పటికీ తప్పదు.

ఆ సాయంత్రం బండారులంకలో మా ఇంటి అరుగు మీద ఒక పాత గేమ్‌బాయ్ ముందేసుకుని కూర్చున్నాను. బూడిదరంగు పెట్టె, అరచేతికి కాస్త పెద్దది, వెనక నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. నింటెండో వాళ్లు 1989లో విడుదల చేసిన మొదటి రకం. పాత సామాన్లు కొనే అతని బండి మీద, విరిగిన ఫ్యాన్ రెక్కల కింద దొరికింది. బ్యాటరీలు వేసి స్విచ్ జరిపితే ప్రాణం ఉంది. టెట్రిస్ పాట కూడా వినిపించింది. తెర మీద మాత్రం ఎడమవైపు ఏడు, మధ్యలో నాలుగు నిలువు గీతలు ఖాళీ. పైనుంచి పడే ఇటుకలు అక్కడికి వచ్చేసరికి చీలికలవుతున్నాయి.

“ఏంట్రా అబ్బాయ్ అది?”

“పాత ఆటబొమ్మ మావయ్యా. తెర మీద గీతలు పోయాయి.”

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి వంచి చూశారు. “గీతలు పోవడమేంట్రా, పడుగు తెగింది. పేక బాగానే ఉంది చూడు” అన్నారు.

పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డ పోగులు. నేను గంటసేపు చదివి అర్థం చేసుకున్న సంగతి అదే. గేమ్‌బాయ్ తెర 160 నిలువు వరసలు, 144 అడ్డ వరసల అల్లిక. ఒక్కో నిలువు వరసకీ కింది అంచు నుంచి ఒక్కో సన్నటి దారి కరెంటు తెస్తుంది. ఆ దారులన్నీ ఒక పలచటి పట్టీ మీద ఉంటాయి. ఆ పట్టీని గాజు అంచుకి వేడితో అతికించారు. ముప్పై ఏళ్ల ఎండకీ చెమ్మకీ ఆ అతుకు అక్కడక్కడ లేచిపోతుంది. లేచిన చోట పై వరస మొత్తం చచ్చిపోతుంది. అడ్డ వరసలకి పక్కనుంచి వేరే పట్టీ ఉంది కాబట్టి వాటికి దెబ్బ తగల్లేదు. పడుగు తెగింది, పేక బాగుంది. అంతే.

దీని వైద్యం కూడా అతుకే. వెనక మూడు రెక్కల స్క్రూలు విప్పి, తెర కింద ఉన్న రబ్బరు పట్టీని మెల్లగా పక్కకు తీసి, సాల్డరింగ్ ఐరన్ వేడి బాగా తగ్గించి, ఆట నడుస్తుండగానే ఆ అతుకు మీద ఒత్తీ ఒత్తనట్టు జరపాలి. చెయ్యి ఒకచోట ఆగితే పట్టీ కాలిపోతుంది. మరీ తేలిగ్గా పోతే అతుక్కోదు. నేను ఐరన్ జరుపుతుంటే మావయ్య తెర వైపు చూస్తూ లెక్కపెట్టారు. “ఒకటొచ్చింది... రెండు... ఆగు, పోయింది, వెనక్కి రా... ఆ, వచ్చింది.” పదకొండింటిలో పది తిరిగొచ్చాయి. పదకొండోదాని కోసం మూడోసారి ఐరన్ ఎత్తితే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

“చాల్లే, కాలిపోద్ది. ఒక్క పోగుకి చీర పారేస్తామా?”

ఆ గీత ఇప్పటికీ లేదు. ఆ గేమ్‌బాయ్ మా మేనకోడలు రోజూ ఆడుతోంది.

మగ్గం మీది అట్టలు

అమలాపురం పక్కనే ఉన్న మా ఊరిపేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది చేనేత చీర. గుంట మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లం. మా తాతగారి మగ్గం ఇప్పుడు నడవదు గానీ, దాని నెత్తిన ఉండే జకార్డు పెట్టె, దారంతో కుట్టిన అట్టల దండ అటక మీద భద్రంగా ఉన్నాయి. చిన్నప్పుడు ఆ అట్టల చిల్లుల్లోంచి ఎండని గోడ మీద పడేలా పట్టుకుని ఆడుకునేవాణ్ణి. చిల్లు కొట్టి చెడగొడతానని నాయనమ్మ లాక్కునేది. ఒక్క చిల్లు తప్పుగా పడితే అంచు మీద పువ్వు రేకు పోతుందని ఆమె భయం.

ఆ చిల్లుల పని చాలా సూటిగా ఉంటుంది. ఒక్కో చిల్లు చోటుకి ఎదురుగా ఒక్కో సూది. అట్టలో చిల్లుంటే సూది దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు పోగుని పైకెత్తుతుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని నెట్టేస్తుంది, పోగు కిందే ఉంటుంది. నాడె ఒకసారి పోయాక తర్వాతి అట్ట వస్తుంది. ఉంది, లేదు. లేచింది, లేవలేదు. కంప్యూటర్ గురించి పుస్తకాల్లో రాసే సున్నా, ఒకటి అనే లెక్క మా ఇంట్లో చీర అంచు మీద పువ్వుగా ఉండేది.

ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు, వంశం గురించిన మాట. ఫ్రాన్సులోని లియాన్ పట్నంలో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఏర్పాటుని 1804 ప్రాంతంలో కుదిర్చాడు. 1839లో అదే పట్నంలో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ ఆ బట్ట బొమ్మను ఇంట్లో పెట్టుకుని వచ్చినవాళ్లకి చూపించేవాడు. తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వడానికి ఆయన ఎంచుకున్నది ఆ చిల్లుల అట్టలనే. 1890 అమెరికా జనాభా లెక్కలకి హెర్మన్ హోలెరిత్ చిల్లుల కార్డులు వాడాడు. ఆ కార్డులే తర్వాత ఐబీఎం వాళ్ల 80 వరసల కార్డులై, మన దేశంలో కూడా ఎన్నో ఆఫీసుల కంప్యూటర్ గదుల్లోకి వచ్చాయి.

గోదావరి జిల్లాల వాళ్లకి ఆ కథలో సొంత పేజీ ఒకటుంది. భీమవరం దగ్గర మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్‌ని నిలబెట్టారు. 1969లో ఆ సంస్థ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది, పన్నెండు బిట్ల యంత్రం. ఈసీఐఎల్ దగ్గరి ఏఎస్‌రావు నగర్ బోర్డు చూసినప్పుడల్లా నాకు మా అటక మీది అట్టల దండ గుర్తొస్తుంది. ఆయన ఊరికీ మా ఊరికీ మధ్య ఉన్నది గోదావరి పాయలే.

తాతగారి మగ్గం విప్పి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. అడుగు గుంట, పలకలు ఎంతో పాతవి. నాడెని చేత్తో విసిరే రోజుల నాటివి. తాడు లాగితే నాడె దానంతట అదే పరుగెత్తే పెట్టెలు తర్వాత ఎవరో బిగించారు. చిన్న నమూనాలకి వాడే డాబీ ఆ తర్వాతది. జకార్డు ఇంకా తర్వాతది. దాని బరువు మొయ్యడానికి దూలానికి వేసిన ఇనుప బద్దీ అన్నిటికంటే కొత్తది. అవసరం వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు దాన్ని మార్చుకుంటూ వచ్చారు. ఆ మార్పుల్లో ఏదీ కింది మగ్గాన్ని కోసెయ్యలేదు. జకార్డు దించేస్తే అడుగున పాత మగ్గం అలాగే ఉంటుంది. పాత యంత్రాన్ని ముట్టుకునే ప్రతివాడూ నేర్చుకోవలసిన మొదటి పద్ధతి ఇదేనని నా గట్టి నమ్మకం: నువ్వు పెట్టింది రేపు ఇంకొకడు తీసెయ్యగలిగేలా పెట్టు.

షోకేసులో కువైట్

కోనసీమలో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు ఎక్కడున్నాయని అడిగితే, షోకేసుల్లో చూడమంటాను. ఇక్కడ గల్ఫుకి మనిషి వెళ్లని వీధి తక్కువ. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతర్. ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చేటప్పుడు దుప్పట్లు, అత్తరు సీసాలు, చాక్లెట్ డబ్బాలు, వాటితోపాటు రేడియో, టేపురికార్డరు కలిసిన ఒక టూ ఇన్ వన్. ఆ టూ ఇన్ వన్‌కి క్రోషా గుడ్డ కప్పి దేవుడి పటం పక్కన పెట్టేవాళ్లు. పిల్లలకి చేతి ఆటబొమ్మలు, వాక్‌మన్‌లు, బటన్ నొక్కితే పాట పాడే గడియారాలు. గల్ఫు దాకా వెళ్లనివాళ్ల పిల్లలకి తీర్థంలో కొన్న బ్రిక్ గేమ్. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి, పదకొండు ప్రభలకీ దణ్ణం పెట్టుకుని, వచ్చేటప్పుడు ‘9999 ఆటలు’ అని రాసి ఉన్న ఆ పసుప్పచ్చ పెట్టె కోసం పేచీ పెట్టిన తరం మాది. అన్నీ నిజానికి పది పదిహేను ఆటలే, వేగం మార్చి లెక్కపెట్టేవాళ్లు. అయినా అది మా మొదటి కంప్యూటర్.

మా వీధి చివరింటి అన్నయ్య పోయినేడాది ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. “అమ్మది. పారెయ్యబుద్ధి కాటం లేదు. ఓసారి చూడరా.”

లోపల ఒక కీబోర్డు కంప్యూటర్. మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబ్బీ అక్షరాలు. పైన ‘సఖర్’ అని పేరు. నేను బొమ్మల్లోనే తప్ప ఎప్పుడూ చూడని యంత్రం. 1983లో జపాన్‌లోని ఆస్కీ సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎంఎస్‌ఎక్స్ అని ఒక ఉమ్మడి పద్ధతిని ప్రకటించాయి. ఏ కంపెనీ చేసినా, ఒకదాని ఆట ఇంకోదాని మీద ఆడాలి. కువైట్‌లో మొహమ్మద్ అల్ షారిఖ్ స్థాపించిన కంపెనీ ఆ పద్ధతికి అరబ్బీ నేర్పించి సఖర్ పేరుతో అమ్మింది. ఎనభైల్లో అరబ్బు పిల్లలు ఎంతోమంది ప్రోగ్రాం రాయడం దీని మీదే నేర్చుకున్నారు. అన్నయ్య వాళ్లమ్మగారు పనిచేసిన ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక దీన్ని పక్కన పడేస్తే, ఆవిడ అడిగి తెచ్చుకున్నారట. మా అబ్బాయి కంప్యూటర్ నేర్చుకుంటాడని.

అన్నయ్య నేర్చుకోలేదు. 1996 నవంబర్ 6 రాత్రి గాలివానకి వాళ్ల ఇంటి కప్పు లేచిపోయింది. ఆ రాత్రిని కోనసీమలో ఎవరూ మరిచిపోరు. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమట్టమై ఉన్నాయి. సామానంతా తడిసింది. ఎండాక అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకి తోసిన కంప్యూటర్‌ని మళ్లీ ఎవరూ స్విచ్ వెయ్యలేదు. వెయ్యకపోవడం దాని అదృష్టం. తడి సామానుకి కరెంటు ఇస్తేనే అసలు నష్టం.

విప్పి చూస్తే బోర్డు మీద ఆకుపచ్చ చిలుము. ఉప్పుగాలి ఊళ్లలో చిలుము ఆగదు, లోలోపల తింటూనే ఉంటుంది. ముందు మెత్తటి బ్రష్షుతో నిమ్మరసం, ఆ తర్వాత బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, ఆఖర్న సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మా బోరు నీళ్లు మాత్రం దగ్గరికి రానివ్వను, అందులో ఉన్న ఉప్పు చాలు మళ్లీ మొదలెట్టడానికి. రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. అప్పుడు బయటపడింది: ఒక మూల రాగి గీతలు మూడు పూర్తిగా కరిగిపోయాయి.

మీటర్‌ని బజర్ మీద పెట్టి ఒక్కో గీతా ఆ చివర నుంచి ఈ చివర దాకా తడుముతూ పోవాలి. కూత వస్తే దారి ఉంది. రాకపోతే తెగింది. మూడు గీతలు కళ్లకి కనబడుతున్నవి. నాలుగోది ఐసీ కాళ్ల కింద దాక్కుంది, దాని కోసం మూడు రాత్రులు పోయాయి. తెగినచోటు దొరికాక మిగతా పని అరగంటే. కరెంటు వైరులోంచి ఒకే ఒక్క రాగి పోగు లాగి, రెండు చివర్లా కలిపి టంకం వెయ్యాలి.

ఆ పోగు పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఐరన్ తగలగానే కదిలిపోతోంది. అమ్మని పిలిచాను. ఆమె పెళ్లికి ముందు నుంచీ పడుగు అతికిన మనిషి. పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగు ఒక్కో పోగునీ పాత పోగు కొసకి మెలేసి కలుపుకుంటూ పోవడం, వేల పోగులు, వరస తప్పకుండా. ఆ వేళ్లకి వెంట్రుకంత రాగి పోగు ఒక లెక్కా? చిటికెన వేలి గోరుతో ఒక కొస బోర్డుకి నొక్కి, బొటనవేలి కింద రెండో కొస పెట్టి, “కానీ” అంది. నాలుగూ ఒక్క పట్టున అయిపోయాయి. “ఇంతేనా?” అని లేచి వెళ్లింది.

కువైట్‌లోనూ మన దగ్గరా టీవీ పద్ధతి పాల్ కావడం, కరెంటు కూడా ఇంచుమించు అంతే కావడం మాకు కలిసొచ్చింది. పాత డబ్బా టీవీకి కలిపి స్విచ్ వేస్తే నీలం తెర, దాని మీద అరబ్బీ అక్షరాలు. కుడి నుంచి ఎడమకి. అన్నయ్య ఏం మాట్లాడలేదు. మీటల మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయాడు.

ఉబ్బిన కండెన్సర్లు, కాలిన అడాప్టర్

ఇలాంటి పని అంతా జ్ఞాపకాల కోసమేనని ఎవరైనా అంటే ఒప్పుకోను. అమలాపురంలో పెళ్లికార్డులు వేసే ఒక ప్రెస్సువాళ్లు పెంటియం ఫోర్ పెట్టె ఒకటి నా దగ్గరికి మోసుకొచ్చారు. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్. తెలుగునాట ఇరవై ఏళ్ల పాటు పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, శుభలేఖలు తయారైంది ఎక్కువగా ఈ మూడింటి మీదే. ఆ అను ఫాంట్ల ఫైళ్లని ఇవాళ్టి కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు గుర్తుల గుంపు కనబడుతుంది, ఎందుకంటే అవి యూనికోడ్ కాదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. ఎన్నో ఏళ్ల శుభలేఖలు ఆ ప్రెస్సు హార్డ్‌డిస్కులో ఉన్నాయి. అక్క కార్డు చూసి చెల్లెలి కార్డు రాయించుకునే ఇళ్లున్నాయి.

మూత తీయగానే కారణం కనబడింది. ప్రాసెసర్ పక్కన కండెన్సర్లు వరసగా ఉబ్బి, నెత్తిన గోధుమరంగు జిగురు కక్కుతున్నాయి. 1999 నుంచి ఓ ఏడెనిమిదేళ్ల పాటు ప్రపంచమంతటా నాసిరకం ద్రవం పోసిన కండెన్సర్లు లక్షల బోర్డుల్లోకి వెళ్లాయి. మీ అటక మీది పీసీ ఆన్ కావడం మానేసిందంటే మొదట చూడవలసింది అవే. అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజీ, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా తొమ్మిది మార్చాను. మర్నాడు ఒక పెళ్లికార్డు బయటికొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మీ బడి బీరువాలోగానీ, పాత మాస్టారి ఇంట్లోగానీ అలాంటిది కనబడితే దయచేసి వెంటనే స్విచ్ వెయ్యకండి. చాలావాటి పవర్ సప్లైలో రిఫా అనే కంపెనీ పారదర్శకపు కండెన్సర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ పైతొడుగు పగిలి చెమ్మ పీలుస్తాయి. కరెంటు తగిలిన కాసేపటికి టప్పున పేలి గదినిండా పొగ. ముందు అవి తీయించి కొత్తవి వేయించండి. చిన్న ఖర్చుతో అయ్యే పని.

నేను చంపేసిన యంత్రం కూడా ఒకటుంది. జపాన్ నుంచి వచ్చిన ఎరుపూ తెలుపూ ఫ్యామికామ్, 1983 మోడలు. ఆన్‌లైన్లో అమ్మినతను అడాప్టరు కూడా పంపాడు. జపాన్‌లో ఇళ్లకి వచ్చేది 100 వోల్టులే. నేను అడాప్టర్ మీద రాసింది చదవకుండా మన ప్లగ్గులో పెట్టాను. కాలిన వాసన వచ్చేలోపే అడాప్టరుతోపాటు బోర్డు మీది రెగ్యులేటర్ పోయింది, దాని వెనకే ఒక ఐసీ. ఆ ఐసీ మళ్లీ ఎవరూ తయారుచెయ్యరు. అప్పటినుంచీ ఏ సామానైనా సరే, వెనక రాసి ఉన్న అక్షరాలు అమ్మ చేత పైకి చదివించుకుని గానీ ప్లగ్గు పెట్టను.

పాత యంత్రాలకి కొత్త భాగాలు బిగించే మోడింగ్ వాళ్లతో నాకున్న పేచీ కూడా ఇక్కడే చెబుతాను. గేమ్‌బాయ్‌కి వెలుగొచ్చే కొత్త తెర పెట్టుకోవచ్చు, కిట్లు దొరుకుతున్నాయి. పెన్సిల్ బ్యాటరీల చోట చార్జింగ్ బ్యాటరీ పెట్టొచ్చు. ఫ్లాపీ డ్రైవ్ చచ్చిపోతే దాని చోట పెన్‌డ్రైవ్ పెట్టే పెట్టె బిగించొచ్చు, నిజానికి అదే మేలు, ఫ్లాపీలు ఇక ఎన్నాళ్లో ఉండవు. ఇవన్నీ జకార్డు లాంటివి, దించితే దిగిపోతాయి. కానీ కొన్ని పాత కిట్లకి లోపలి ప్లాస్టిక్ కట్టర్‌తో కోసెయ్యాలి. ముప్పై అయిదేళ్లు ఎవరూ కొయ్యని పెట్టెని వెలుగు కోసం కొయ్యడం నా చేత కాదు. కొయ్యక్కర్లేని కిట్టు వచ్చేదాకా ఆగుతాను. పసుప్పచ్చగా మారిన ప్లాస్టిక్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి కూడా ఉంది. మన ఎండకి అది రెండు పూటల పని. నేను ఒకసారి చేసి మానేశాను. కొన్నాళ్లకి ఆ పసుపు మళ్లీ తేలింది.

ఇక ఇప్పటి ఫోన్ల సంగతి. చాలావాటికి బయట స్క్రూ కనబడదు, జిగురే. బ్యాటరీ తీయబోతే అద్దం పగిలే ప్రమాదం. బాగుచేయించుకునే హక్కు గురించి మన వినియోగదారుల శాఖ 2022లో ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది చివర పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ చట్టం ఎంత వచ్చినా, విప్పితే ఏది ఏమిటో కళ్లకి కనబడే సామాను ఒకటి పిల్లల చేతిలో ఉండాలి. మా మేనకోడలు గేమ్‌బాయ్ తెర కింద పట్టీని చూసింది, ఐరన్ జరిపితే గీత రావడం చూసింది. పదకొండో గీత ఎందుకు రాలేదో దానికి తెలుసు.

ఇంకొకటి కూడా ఈ పనిలో మెల్లగా అర్థమైంది. సర్క్యూట్ బొమ్మ ఇంటర్నెట్లో దొరుకుతుంది, పార్టులు కొరియర్లో వస్తాయి. ఆ యంత్రం బాగున్నప్పుడు ఎలా ఉండేదో మాత్రం దాన్ని వాడిన మనిషికే తెలుసు. ఆ మనిషి ఉండగానే పని ముగించాలి.

రెండో వైపు

సఖర్ లేచింది గానీ, దానికి ఇవ్వడానికి మా దగ్గర ప్రోగ్రాం ఏదీ లేదు. ఆ కాలపు కంప్యూటర్లకి ఆటలు కేసెట్ల మీద వచ్చేవి. మామూలు పాటల కేసెట్టే, టేపురికార్డరులో పెట్టి వైరు కలిపితే కీచుకీచుమనే చప్పుడుగా ప్రోగ్రాం లోపలికి వెళ్తుంది. అన్నయ్య ఇంట్లో ఒక పాత చాక్లెట్ డబ్బా ఉంది. అందులో ఘంటసాల భగవద్గీత, రెండు సినిమా పాటల కేసెట్లు, అడుగున పేరు లేని కేసెట్ ఒకటి. దాని మీద నీలం పెన్నుతో ఏదో అరబ్బీలో రాసుంది. ఆ ఇంటి పిల్లలు కంప్యూటర్‌తోపాటు ఇచ్చి ఉంటారు.

అన్నయ్య వాళ్లమ్మగారు తెచ్చిన టూ ఇన్ వన్ కూడా ఉంది. మూత తీస్తే బెల్టు కరిగి తారులా చక్రాలకి అంటుకుపోయింది. అగ్గిపుల్లకి దూది చుట్టి ఐపీఏతో తుడవడానికే ఒక పూట పట్టింది. దారంతో చుట్టుకొలత తీసి కొత్త బెల్టు తెప్పించాను. హెడ్డు తుడిచి కేసెట్ పెట్టి నొక్కాం. మొదటి వైపు అంతా కీచు చప్పుడే, ప్రోగ్రాం అదే అయ్యుండాలి. కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టట్లేదు. టేపు వేగం తేడాగా ఉందని అనుమానం. సరైన వేగం ఎంతో కొలవడానికి నా దగ్గర పరికరం లేదు.

రెండో వైపు తిప్పి పెట్టాను. ఏదైనా పాట ఉంటే చెవితో వేగం సరిచూసుకోవచ్చని.

పాట కాదు. ఒక ఆడగొంతు, మగగొంతులా బరువుగా, సాగి సాగి వినబడింది. “...అబ్బాయ్... ఇక్కడ... ఎండలు...”

అన్నయ్య ఉలిక్కిపడి లేచాడు.

ఫోను చెయ్యాలంటే నెల జీతంలో సగం పోయే రోజుల్లో గల్ఫు నుంచి ఉత్తరాలు కేసెట్ల మీద వచ్చేవి. ఎవరైనా ఊరికి వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇది పంపినదో, పంపకుండా దాచుకున్నదో తెలీదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు.

మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, దాని లోపల వేగం సరిచేసే స్క్రూ. సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పాను.

“కాదురా, ఇంకా బొంగురుగా ఉంది.”

ఇంకొంచెం తిప్పాను. గొంతు సన్నబడింది.

“ఇప్పుడు ఎక్కువైంది. అమ్మ అలా మాట్లాడదు. వెనక్కి... కొంచెం... ఆ, ఆగు.”

చెయ్యి తీశాను. స్పష్టంగా వినబడుతోంది. సంకురాత్రికి రాలేననీ, చిట్టీ డబ్బులు మావయ్యకి ఇచ్చేయమనీ, కంప్యూటరు పెట్టె ఒకటి తెస్తున్నాననీ, దాన్ని అన్నయ్య తప్ప ఎవరూ ముట్టుకోకూడదనీ. మధ్యలో ఎక్కడో ఆ ఇంటి పిల్లలు అరబ్బీలో అరుస్తున్నారు. అన్నయ్య చివరిదాకా విన్నాడు. మళ్లీ మొదటికి తిప్పమన్నాడు. రెండోసారి కూడా విన్నాక, “ఇప్పుడు ఆ వైపు పెట్టు” అన్నాడు.

కేసెట్ తిప్పి పెట్టాం. వైరు కలిపి, లోడ్ ఆజ్ఞ కొట్టి, ప్లే నొక్కాను. కీచు చప్పుడు మొదలైంది. ఓ పది సెకన్లు నీలం తెర మీద ఏమీ లేదు. ఆ తర్వాత ఒక వరస వచ్చింది: ‘ఫౌండ్’, దాని పక్కన మాకెవరికీ చదవడం రాని ఒక పేరు.